మడుగు ఒడ్డున కప్పగుడ్లు

ఒక మడుగులో చిప్పమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. అక్కడ కప్పలు ఏటేటా తగ్గిపోతున్నాయని కనిపెట్టింది అదొక్కటే. "మండూక సంతతి క్షీణించుచున్నది, తీరమున సంచరింపకుడు" అని గేదెలకు రోజూ చెప్పేది. ఆ మాటలేమిటో అర్థంకాక అవి నెమరువేస్తూ ఒడ్డునే, కప్పగుడ్లను తొక్కేస్తూ పొర్లేవి. చెప్పీ చెప్పీ అలిసిపోయి, చిప్పమ్మ మిగిలిన గుడ్ల పక్కనే ఒంటరిగా పడి ఉండేది.

ఒకనాడు కర్రి అనే గేదె దాని దగ్గర ఆగింది.

"ఏం చూస్తున్నావత్తా?"

"తల వంచి నువ్వే చూడు."

నీళ్ళలో జిగురు మధ్య నల్లటి చుక్కలు మెదులుతున్నాయి.

"కప్పపిల్లలా ఇవి?" అంటూ కర్రి ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. మందను అవతలి ఒడ్డుకు మళ్ళించి, తిరిగొచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకా ఏమేం ఉన్నాయత్తా ఇక్కడ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట అది. చిప్పమ్మ మెడ చాచి, కర్రికి దారి చూపిస్తూ నీటి అంచు వెంట నడిచింది.