పసుపు దారం

"ఛీ! ఆ మూట లోపలికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

సుధాకర్ ముక్కు మూసుకున్నాడు.

బళ్లారి కౌల్ బజార్‌లో అతనిది జీన్స్ అంగడి. గడప దగ్గర నిలబడిన ఆడమనిషి నెత్తిన మూట. మూటలో మెకానిక్కులు వాడి వదిలేసిన పాత ప్యాంట్లు. గ్రీజు, డీజిలు, చెమట కలిసి ముక్కిన కంపు. ఎండకు ఆ కంపు ఇంకా లేచి అంగడంతా తిరుగుతోంది.

"పాతవి ఏమన్నా పడినాయా అప్పా?" అందామె.

పడే ఉన్నాయి. మెకానిక్కులు కొత్త ప్యాంటు కొని, తెర వెనక అక్కడే తొడుక్కుని, పాతది మూలకు విసిరేసి పనికి పోతారు. ఆ మూలలోని కుప్ప ఏరుకోవడానికి ఈమె వస్తుంది.

ఏరుకుని పోతే పీడా పోయేది. పోదు. అక్కడే చతికిలబడి ఒక్కో ప్యాంటూ తిరగేస్తుంది. తొడల మధ్య చినిగిన చోట వేళ్లు దూర్చి చూస్తుంది. పరాయి మగవాళ్ల ప్యాంట్లు!

"ఏం చేసుకుంటావ్ వీటిని? షెడ్లలో చేతులు తుడుచుకునే గుడ్డలకు అమ్ముకుంటావా?" అని ఒకసారి అడిగాడు సుధాకర్.

"పని ఉండాదిలే అప్పా" అంది. ఇంకో ప్యాంటు అందుకుంది.

ఆ రోజు అంగడిలో ఇంకో ఇద్దరున్నారు. కొడుక్కి జీన్స్ చూస్తున్న రాజశ్రీ టీచరు ఒకరు. సిరుగుప్ప రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే తిరుమలేష్ ఒకడు.

"అన్నా, నాకు పసుపు దారంతో కుట్టిన ప్యాంటే కావాల. వేరేది చూపించొద్దు" అన్నాడు తిరుమలేష్.

"అదే ఎందుకో టీచరమ్మకు కూడా చెప్పప్పా" అన్నాడు సుధాకర్ మురిసిపోతూ.

"కాలి మడత ఊడదమ్మా. ట్రాక్టరు వెనక షాఫ్టు తిరుగుతా ఉంటాది. వేలాడే గుడ్డ ఒక్క పోగు చిక్కిందంటే కాలు పోయినట్లే."

"మా సరుకు అట్లాంటిది" అని సుధాకర్ కాలరెగరేశాడు.

అతని సరుకట! బళ్లారిలో జీన్స్ గుడ్డ ఒకచోట కత్తిరిస్తారు, ఇంకెక్కడో ఎవరింట్లోనో కుడతారు. ఏజెంటు గాళెప్ప ఆ ఇళ్లకు మూటలు పంచుతాడు, కుట్టినవి తెచ్చిస్తాడు. "ఎవరు కుడితే నాకేంది, టైముకు రావాల" అనేదొక్కటే సుధాకర్ మాట.

"అయ్యో, నా చీర!"

రాజశ్రీ కుచ్చిళ్ల మీద నల్లటి గ్రీజు మరక. పక్కనే ఆ ఆడమనిషి ఒక ప్యాంటు తిరగేసి, కాలి మడత పీకి చూస్తోంది. రాజశ్రీ ఏమీ కొనకుండానే విసవిసా వెళ్లిపోయింది.

సుధాకర్‌కు ఒళ్లు మండింది. మూటను రెండు వేళ్లతో పట్టుకుని, తీసుకుపోయి బయట మురుగు మోరీలో పడేశాడు.

ఆమె మోరీలోకి దిగింది. మోకాళ్ల దాకా నల్లనీళ్లు. ఒక్కో ప్యాంటూ తీసి, పిండి, మళ్లీ మూట కట్టింది. ఎవరో ఖాండ్రించి ఉమ్మారు. తిరుమలేష్ ముఖం తిప్పుకున్నాడు. ఒక్కరూ చెయ్యందించలేదు.

"ఇవి చూడకుంటే నాకు జరగదప్పా. పారేసేటివే కదా, బయట పెట్టు. నేను లోపలికి రాను" అందామె.

"కాలబెడతా గానీ నీకు మాత్రం ఇయ్యను. మళ్లీ ఈ గడప తొక్కితే చూడు!"

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత మూలలో పడిన పాత ప్యాంటల్లా కాలిపోయింది. ఆమె మళ్లీ రాలేదు. పీడ వదిలింది, అంగడికి మంచిగాలి వచ్చింది అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తిరుమలేష్ పెళ్లాం బసవమ్మ వచ్చింది. వస్తూనే ఒక ప్యాంటు తీసి బల్ల మీద పడేసింది. గ్రీజు, బురద, ఎండిపోయిన నెత్తురు. ఒక కాలు మోకాలి దాకానే ఉంది.

అలవాటుగా సుధాకర్ చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ముక్కు మూసుకుంటాండావా?" అంది బసవమ్మ. "పసుపు దారందే కావాలని పోయిన నెల నీ దగ్గరే కొన్నాడు కదా! ఈ ప్యాంటు ఉంటే నాకేం భయమే అనేవాడు. మడత ఊడి షాఫ్టుకు చిక్కింది. పాదం తీసేసినారు."

ప్యాంటు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. సుధాకర్ గాళెప్పను పిలిపించాడు. ఆ ప్యాంటు అతని ముందు పెట్టాడు.

"దారం పసుపే కదప్పా" అని నసిగాడు గాళెప్ప. "కుట్టినోళ్లు వేరే. ముందు ఈ పసుపు దారంవి మోక ఊర్లో యంకమ్మని ఒకామె కుడతాండె. ఆమె మొగుడూ ఇట్లనే షాఫ్టుకు చిక్కి సచ్చిపోయినాడు. అప్పట్నుంచి మెకానిక్కుల ప్యాంట్లు తప్ప వేరేవి ముట్టలే. ఎండాకాలంలో ఉన్నట్టుండి మిషన్ అమ్మేసి కూతురి ఊరికి పోయింది."

"ఎందుకు పోయింది?"

"యాడ చినుగుతాందో తెలీకుండ కుడితే ఎవురి కాలో పోతాది, ఆ పాపం నాకొద్దు అనింది."

"ముందెట్ల తెలుస్తాండె ఆమెకు?"

గాళెప్ప తల వంచుకున్నాడు. "ప్యాంట్లు కుట్టేది తానేనని నీకు చెప్పొద్దని నేనే కట్టడి చేసినా. చెబితే నన్ను దాటేసి మీరిద్దరే బేరం మాట్లాడుకుంటారని."

సుధాకర్‌కు ఏమీ అర్థం కాలేదు.

"నాకెప్పుడు చెబుతాది? ఆమెను నేను యాడ చూసినా?"

"నీ అంగడికే వస్తాండె కదప్పా, పాత ప్యాంట్ల మూట నెత్తిన పెట్టుకొని."