తాబేలు నడక

పొగమంచు వీడని ఒక మడుగుకు అటు ఒడ్డున కొంగలు, ఇటు ఒడ్డున బాతులు ఉండేవి. చేపల దగ్గర తగవొస్తే ఒకరి మాట ఒకరికి చేరవేసేది ముసలి తాబేలు. పొద్దున్నే బయల్దేరి, గట్టు వెంట మెల్లగా నడిచేది. సగం దారిలో ఉండగానే, "ఆ మాట చెప్పకు తాతా" అంటూ పంపినవాళ్లే వెనక పరుగున వచ్చేవాళ్లు.

తాబేలు కన్నుమూశాక ఆ పని లకుముకిపిట్ట చేపట్టింది. రివ్వున వెళ్లి మాట చెప్పి వచ్చింది. మధ్యాహ్నానికి మడుగు నిండా ఈకలు తేలాయి.

"తాతలాగే ఉన్నదున్నట్టు చెప్పానే" అని లకుముకి కుమిలిపోయింది.

"తాత నడిచి వెళ్లేవాడమ్మా" అంది రెక్క విరిగిన బాతు.

మరుసటి తగవుకు లకుముకి రెక్కలు ముడుచుకుని, బుల్లి కాళ్లతో మంచులో నడవసాగింది. సగం దారిలో వెనక నుంచి కొంగ గొంతు వినిపించింది.

"ఆగు తల్లీ, ఆ మాట చెప్పకు."