వైరస్ బాబు

“కత్తెర పాడైంది బాబూ, రేపు రా” అన్నాడు మంగలి, ఇంకొకరి తలమీద అదే కత్తెర ఆడిస్తూనే.

ఓడలో వంటవాడిగా పనిచేసే అతనికి సంగతి అర్థమైంది. ఇంటిదారి పట్టాడు. మార్చిలో అతను ఇల్లు చేరిన కొద్ది రోజులకే ఊరంతా కొత్త జ్వరం పాకింది. పక్కింటి మామ్మ ఆస్పత్రి పాలైంది. ఇంకేముంది, వీధి వీధంతా కలిసి అతనికి ‘వైరస్ బాబు’ అని నామకరణం చేసేసింది. ఎదురుపడితే చాలు, వీధి అవతలి పక్కకు దాటేస్తున్నారు.

“మళ్ళీ ఓడెక్కేస్తానమ్మా.”

“చేయని తప్పుకి పారిపోతావట్రా?” తల్లి కళ్ళొత్తుకుంది.

అప్పుడే పెద్దకోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తూ కేకేసింది. “అత్తయ్యా, మీవాడు బతికిపోయాడు!”

ఆమె పనిచేసేది వైరస్ పరిశోధనశాలలో. ఈమధ్య తిండీ నిద్రా మాని చేస్తున్నది ఈ జ్వరం ఎప్పుడు మొదలైందో తేల్చే పనే.

“నోరు మారేకొద్దీ పుకారు మారినట్టే, మనిషి మారేకొద్దీ వైరస్సూ కొంచెం కొంచెం మారుతుందత్తయ్యా. రోగుల నమూనాలన్నీ పోల్చి, ఎంత మారిందో చూసి, వెనక్కి లెక్కకట్టాం. జనవరి చివరికే అది ఊళ్ళో తిరుగుతోంది. ఈ మహానుభావుడు దిగింది మార్చిలో!”

“అంటే నా కొడుకు...”

“ఏ పాపం ఎరగడు. రేపు పేపర్లో కూడా వస్తుంది.”

తల్లి రేపటిదాకా ఆగితేగా! కొంగు బిగించి వీధిలోకి ఉరికింది. “ఏమయ్యోయ్, జనవరిలో మావాడు నడిసముద్రంలో ఉన్నాడు, తెలుసా!” అన్న కేక మంగలి కొట్టు దాకా వినిపించింది.

వదిన పడీపడీ నవ్వింది. మరిది నవ్వలేదు. వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“వదినా, ఒకమ్మాయి ఉంది.”

“అదా సంగతి! ఈ ఊరేనా?”

“ఊఁ. ఇంటికి రాకముందు వాళ్ళ వీధిలోనే గది తీసుకుని ఉన్నా. జ్వరమొస్తే తనే చూసుకుంది.”

“ఓరి దొంగా! కన్నతల్లికి కూడా చెప్పకుండానా? ఎన్నాళ్ళున్నావేంటి?”

అతను నేలచూపులు చూశాడు.

“నేను ఓడ దిగింది జనవరి మొదట్లో, వదినా.”