ఒక్కరే అడిగిన మాట

మొఘల్‌పురాలోని ఆ చిన్న క్లినిక్‌లో బాత్రూమ్‌లోంచి బయటికి వస్తూ తలుపు తీసిన గోదా ఉలిక్కిపడింది.

ఎదురుగా ఒక పెద్దామె. వెలిసిన నేతచీర, చేతిలో తడిబట్ట. నేలమీద ఒలికిన నీళ్లు తుడుస్తోంది.

"వాంతి వచ్చిందా బిడ్డా? నువ్వే తెచ్చుకున్నవా?" మెల్లగా అడిగింది.

గోదాకు ఆరో నెల. ముఖం ఎర్రబడింది.

"ఏంది, గట్ల అడుగుతవ్? నీ పని నువ్వు చూసుకో!"

ఆమెకు కోపం రాలేదు.

"డాక్టర్‌కు నేను చెప్ప బిడ్డా. నువ్వే చెప్పుకోవాలె. జల్ది చెప్పుకో."

గోదా నేరుగా రిసెప్షన్‌కు వెళ్లింది.

"మీ ఆయమ్మ బాత్రూమ్ కాడ నిలబడి ఇంటున్నది. గిదేం పద్ధతి?"

"మేడం, ఆమె..."

"నాకేం చెప్పొద్దు. మళ్లొచ్చేసరికి ఆమె ఈడ కనపడొద్దు."

ఆ తర్వాత ఆమె కనపడలేదు.

ఆ ప్రశ్న మాత్రం గోదాను వదల్లేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు, లావైతున్నవని స్నేహితురాళ్లు నవ్వినప్పుడు ఈ అలవాటు మొదలైంది. తిన్నది కడుపులో ఉంటే భయం. కక్కేసుకుంటే కాసేపు నిమ్మళం, ఆ వెంటనే సిగ్గు. అమ్మకు తెలియదు. భర్త రాఘవ్‌కు తెలియదు. ఇప్పుడైతే అందరూ వేవిళ్లే అనుకుంటున్నారు.

ఏడేళ్లలో అడిగింది ఆమె ఒక్కతే.

ఏడో నెల స్కాన్ చూసి డాక్టర్ ఆశ్రిత ముఖంలో నవ్వు తగ్గింది.

"బిడ్డ ఎదుగుడు మూడు వారాలు వెనకబడ్డది. సరిగ్గ తింటున్నవా గోదా?"

"తింటది డాక్టర్. వాంతులే ఆగుతలేవు," అన్నాడు రాఘవ్.

గోదా తల దించుకుంది.

"వస్తలేవు. నేనే తెచ్చుకుంటున్న."

రాఘవ్ బిత్తరపోయాడు. "ఎప్పటి సంది?"

"కాలేజీ సంది."

తిడతారనుకుంది. డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇది బీమారి. నీ తప్పు కాదు. ఇలాజ్ ఉంది, నయమైతది. ఇంకెప్పుడూ ఒక్కదానివే మొయ్యకు."

మానసిక వైద్యురాలి దగ్గరికి వారం వారం వెళ్లింది. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినమన్నారు. తిన్నాక అరగంట రాఘవ్ పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు అష్టాచెమ్మా ఆడేవారు. ఒకరోజు ఇద్దరికీ పెద్ద లొల్లి అయ్యేది. కొన్నిసార్లు ఆ అలవాటుకే ఓడిపోయింది. ఓడిన రోజు దాచకుండా చెప్పింది.

తొమ్మిదో నెల నిండాక పాప పుట్టింది. గట్టిగా ఏడ్చింది.

"రెండు కిలోల ఆరు వందలు," అంది నర్సు.

రాఘవ్ వరండాలో గోడకు ఆనుకుని, ఎవరు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చేశాడు. గోదా ఆ రోజు పెట్టిన కిచిడీ మొత్తం తిని, హాయిగా నిద్రపోయింది.

నెల తర్వాత పాపను చూపించడానికి వెళ్లింది.

"డాక్టర్, ఆ ఆయమ్మ ఏది? నోటికొచ్చినట్టు అన్న. మాఫీ అడగాలె. ఆమె అడగకుంటే నేను నోరిప్పేదాన్నే కాదు."

ఆశ్రిత పాప చెంప నిమిరింది.

"పోయిన నెల గుండెపోటుతోని కాలం చేసింది. నీ మీద కోపమేం లేకుండె. తానుంటే నువ్వు రావని, తనే వచ్చుడు బంద్ చేసింది. రోజూ ఒక్కటే అడిగేది, ఆ పిల్ల తింటున్నదా అని. తింటున్నదంటే మస్తు ఖుష్ అయ్యేది."

గోదా కళ్లు నిండాయి.

"ఆమె ఆయా కాదు గోదా, మా అమ్మ కృష్ణమ్మ, నీ లెక్కనే తిన్నది కక్కుకుంట, ఎవ్వరికీ చెప్పుకోలేక ఏడో నెలల పన్నెండు వందల గ్రాముల బిడ్డను కన్నది, ఆ బిడ్డ నేనే."