మాస్టారి గేము పెట్టె

“చెక్కని కోస్తున్నారా, కొరుకుతున్నారా మాస్టారూ?” అన్నాడు వడ్రంగి వెంకన్న, పెరటి గుమ్మంలో నిలబడి.

కుక్కుటేశ్వరరావు తలెత్తలేదు. ఎడమచేత్తో పట్టుకున్న రంపం ప్లైవుడ్‌లో సగం దాకా పోయి ఇరుక్కుపోయింది. ముందుకీ కదలదు, వెనక్కీ రాదు.

“ఒంటిచేత్తో అయ్యే పని కాదండి. రెండో చెయ్యి చెక్క మీద వేసి అదిమి పట్టాలి,” అని, ఆ వెంటనే నాలిక కరుచుకున్నాడు వెంకన్న.

ఆ రెండో చేతిని పక్షవాతం లాగేసిందని పిఠాపురంలో తెలియనివాళ్ళు లేరు. అంతకుముందు అదే చెయ్యి టైపు మిషను మీద పరిగెడుతుంటే దారినపోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి చూసేవారు. ఇప్పుడు ఇంటి ముందుగదిలోని ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్‌ని భార్య అమ్మణ్ణి నడుపుతోంది. కుక్కుటేశ్వరరావు ఆ గదిలోకి రావడమే మానేశాడు. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, “నేనేం పసిపిల్లాణ్ణా!” అని గోడ అవతలికి విసిరేశాడు.

అలాంటి మనిషి రంపం పట్టాడంటే, అమ్మణ్ణి తెచ్చిన ఒక కబురే కారణం.

ఆమె తమ్ముడు చిన్నబ్బాయి మద్రాసులో వీడియో గేములు బాగుచేసే మెకానిక్. జబ్బు చెయ్యకముందు ఒకసారి, కాకినాడ ఎగ్జిబిషన్లో అలాంటి గేము ముందు నిలబడ్డాడు కుక్కుటేశ్వరరావు. తెర మీద దిగివస్తున్న విమానాల్ని ఒక్కటీ మిగల్చకుండా కూల్చేస్తుంటే చుట్టూ జనం ఈలలు వేశారు. ఆయన అంత పెద్దగా నవ్వగా అమ్మణ్ణి చూడటం అదే మొదలు.

“మా చిన్నబ్బాయి మందుల షాపుకి ఫోన్ చేశాడండీ,” అంది ఆమె ఓరోజు ఇంటికొచ్చి. “పాత గేము మిషనొకటి మనకిస్తాడట. లోపలి సామానంతా వాడే తెచ్చి బిగిస్తాడు. పెట్టె మాత్రం మనమే చేసుకోవాలట.”

“వెంకన్నతో చెప్పు.”

“చెప్పాను. పెళ్ళిళ్ళ మంచాలతో ఊపిరి సలపడం లేదతనికి. కావాలంటే పనిముట్లు ఇస్తానన్నాడు.”

“అయితే వదిలెయ్. నాకెందుకు ఇప్పుడది?”

“సరే. రాజమండ్రి హోటలాయనెవరో అడుగుతున్నాడట. ఆయనకే ఇచ్చెయ్యమంటాను.”

ఆమె రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి గొంతు వినబడింది.

“ఎవరికీ ఇవ్వొద్దను. నేనే చేస్తాను.”

తొలి చెక్కలు పొయ్యిలోకి పోయాయి. మలి చెక్కలు నిలబెడితే తూలాయి. కుడిచేతిని ఎత్తి బరువుగా చెక్క మీద పడేసి, ఎడమచేత్తో రంపం లాగేవాడు. రానురాను ఆ బరువు అదమడం నేర్చింది. కొన్నాళ్ళకి పట్టుకోవడం నేర్చింది.

ఈలోగా అమ్మణ్ణి తెచ్చే మద్రాసు కబుర్లు ఆగలేదు.

“మేకులు పనికిరావటండీ. వదులైపోతాయట. స్క్రూలే వెయ్యమన్నాడు.”

“ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా వాడు!” అని తిట్టుకుంటూనే మేకులు పీకాడు.

“ఉప్పుకాగితం ఇంకా పట్టాలట. అద్దంలా ఉండాలట.”

“అంచులకి సన్నగా ఎర్రగీత గీయాలట. మద్రాసులో అన్నిటికీ ఉంటుందట.”

“మద్రాసు తగలెయ్య!” అన్నాడు. గీత గీశాడు.

ఓ సాయంత్రం స్క్రూ ఒకటి జారి బల్ల కిందికి దొర్లింది. ఒంగి తీసి, రంధ్రంలో నిలబెట్టి బిగించేశాక గానీ ఆయనకి తెలియలేదు, తీసింది కుడిచేత్తో అని. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఆ వేళ్ళకేసి చాలాసేపు చూసుకున్నాడు. ఎండిన కాలవలోకి లాకులెత్తి నీళ్ళు వదిలినట్టు ఉంది లోపల. అమ్మణ్ణితో మాత్రం చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం.

పెట్టెకి రంగు ఆరాక ఆఖరి కబురు వచ్చింది.

“గేము ఎలా ఆడాలో ఇంగ్లీషులో టైపు కొట్టి పైన అతికించాలటండీ.”

“నువ్వు కొట్టెయ్.”

“నాకు క్లాసుంది. మీరే కానివ్వండి,” అంటూ వెళ్ళిపోయింది.

ఆయన ముందుగదిలోకి వచ్చేసరికి టైపు కొట్టే పిల్లలందరూ ఆగిపోయారు. మూలనున్న తన పాత మిషను ముందు కూర్చున్నాడు. కాగితం ఎక్కించాడు. కుడి చూపుడువేలు మొదట వణికింది, తర్వాత దిగింది. ఒక అక్షరం ముదురుగా, ఒకటి లేతగా పడ్డాయి. కాగితం బయటికి లాగేసరికి చొక్కా తడిసిపోయింది.

“ఏం చూస్తున్నారు? కొట్టండి!” అని గదమాయించాడు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి. మర్నాటి నుంచి పొద్దుటి క్లాసు ఆయనే తీసుకున్నాడు.

అన్నవరంలో స్నేహితుడి పెళ్ళికని బయల్దేరిన చిన్నబ్బాయి, దారిలో అక్కని చూసిపోదామని దిగాడు. వాణ్ణి చెప్పులైనా విప్పనివ్వకుండా పెట్టె దగ్గరికి లాక్కుపోయాడు కుక్కుటేశ్వరరావు. కప్పిన దుప్పటిని ఒక్క లాగు లాగాడు.

“చూడవోయ్! నువ్వు చెప్పిందల్లా చేశాను, గీతతో సహా. తలుపు కాస్త వంకరనుకో. దాందేముంది, నేను లేనూ! ఇంక నీదే ఆలస్యం. మిషను ఎప్పుడు తెస్తావు?”

కాఫీ గ్లాసులతో వస్తున్న అమ్మణ్ణి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె పెట్టెని చూడటం లేదు, తమ్ముణ్ణీ చూడటం లేదు. దుప్పటి లాగిన ఆ కుడిచేతినే చూస్తోంది.

చిన్నబ్బాయి పెట్టె వంకా, బావ వంకా అయోమయంగా చూశాడు.

“ఏ మిషను, బావగారూ?”