కాళ్ళలో మంట

"అబ్బా, కాళ్ళు కాలిపోతున్నాయే!" అని కర్సిది కేకపెట్టగానే, తుమిరా పొయ్యి మీద బెల్లం వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"కాలనీ మావా! కాళ్ళకి ప్రాణమొస్తోంది," అంటూ నవ్వుతూ పాదాలు పట్టుకుంది.

కర్సిది బెల్లం కాచే నీరా దించుతూ కొబ్బరిచెట్టు మీంచి పడి, వెన్ను విరిగి, కాళ్ళు చచ్చుబడి ఏడాదైంది. ఎప్పటికైనా లేచి ఎక్కుతాడని, జావా దీవిలోని ఆ బన్యుమాస్‌లో ఎవరడిగినా అతడి చెట్లు గీతకివ్వలేదు తుమిరా.

చూడవచ్చిన వార్సిని అనే నర్సు మందుడబ్బా విప్పింది. "ఒక్కటీ మింగలేదేమయ్యా? నొప్పి కాస్త తగ్గితేనే గదా చక్రాల కుర్చీలో కూర్చునేది!"

"నొప్పి పోతే కాళ్ళు మళ్ళీ చచ్చిపోవూ?" అంది తుమిరా.

"నువ్వెప్పుడు డాక్టరువైపోయావు తల్లీ? అది వెన్నులో దెబ్బతిన్న నరం పెట్టే బాధ. నడక రాదు. ఆసుపత్రిలోనే ఈయనకి చెప్పాం."

తుమిరా మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసే."

"మరి మందెందుకు మింగలేదు?"

"నేను కేకపెట్టినప్పుడే గదా నువ్వు నవ్వేది."

అంతలో మళ్ళీ కాళ్ళలో మంట లేచింది. కర్సిది ఆమె మొహంలోకి చూశాడు. కేకపెట్టకుండా పళ్ళు బిగబట్టాడు.