పట్టేసిన మెడ

"యాడ పడినావో నిజం జెప్పు," అంది ఆదిలక్ష్మమ్మ.

"జెప్పినా గదమా! రేణిగుంట గేటు కాడ బండి జారింది," అన్నాడు మునిశేఖర్ తల తిప్పకుండా. తిప్పాలన్నా తిరగదు. మెడ కుడివైపుకు వంగి కర్రలా బిగుసుకుపోయింది.

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టే మునెయ్య ఇంటి అరుగు మీద తల్లీకొడుకులు తమ వంతు కోసం కూర్చున్నారు. ఆదివారం చిత్తూరులో పెళ్లిచూపులు. వంకర మెడతో వెళితే అమ్మాయి వాళ్లు ఏమనుకుంటారోనని ఆమె దిగులు. ఒక్కడినే వెళ్లొస్తానని కొడుకు అన్నా వినకుండా, తానూ వస్తానని బస్సెక్కింది.

నిజానికి బండి జారలేదు. మునిశేఖర్ రేణిగుంటలో గోడౌన్ సూపర్‌వైజరు. ఈమధ్య ఫోనులో ఏదో వెతుకుతుంటే 'పిడుగుబండ' అనే కొత్త బ్యాండు తొలి ఆల్బం తగిలింది. డెత్ మెటల్ అనే హోరు రాక్ సంగీతం. పాడేవాడి గొంతు పాతాళంలోంచి వచ్చే గురకలా ఉంది. మొదట నవ్వొచ్చింది. అంతలో గిటార్లు ఒక్కసారిగా నెమ్మదించి, నిండు లోడు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు బరువుగా, ఊగుతూ నడిచాయి. నవ్వు ఆగిపోయింది. తల దానంతటదే ఊగసాగింది. అప్పటినుంచి డ్యూటీ నుంచి రాగానే గది తలుపేసుకుని, స్పీకరు పెట్టి, జుట్టు ఎగిరేలా తలూపడమే పని.

వంటింట్లోంచి అమ్మ అరిచేది. "ఏందిరా ఆ కూతలు! ఇంగోసారి ఇనపడితే ఆ డబ్బాను పాత సామాన్లోడికి ఏసేస్తా!"

అందుకే మెడ పట్టేసిన నెపం బండి మీదికి నెట్టాడు.

మునెయ్య లోపలికి పిలిచి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ వేళ్లతో నొక్కి చూశాడు.

"ఇది పడిన మెడ కాదప్పా. పడుంటే ఒళ్లు గీసుకోని ఉండాల. నువ్వు తలకాయను గట్టిగా ఊపినావు. దయ్యం గాని పట్టిందా?"

మునిశేఖర్ కళ్లు మాత్రం తిప్పి చూశాడు. అమ్మ ఎదురుగానే నిలబడి ఉంది.

"పాటకు," అన్నాడు చివరికి.

"పాటకా?"

"అది ఇంటే ఊపకుండా ఉండలేమన్నా. నువ్వు ఇన్నా ఊపుతావు."

ఇక తిట్లు మొదలవుతాయని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తిట్లు రాలేదు. మునెయ్య చేతులు చటుక్కున కదిలాయి. 'కటుక్కు'మంది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ, మెడ తిన్నగా నిలబడింది. ఆకుపసరు రాసి, గుడ్డ చుట్టి, "ఆదివారానికి సరిపోతాదిలే. ఇంగ ఆ పాట జోలికి పోబాక," అన్నాడు మునెయ్య.

మునిశేఖర్‌కు ప్రాణం ఉసూరుమంది. అయినా ముందు అమ్మను చల్లబరచాలి.

"పోన్లేమా. ఇంటికి పోతానే ఆ స్పీకరు నువ్వే పాత సామాన్లోడికి ఇచ్చెయ్," అన్నాడు.

"ఎవురికీ ఇయ్యొద్దు. ముందు నువ్వు లెయ్యి," అంటూ ఆమె కొడుకును లేపి, తాను పీట మీద కూర్చుంది. "అన్నా, నా మెడ గూడా రోంత సూడు."

"నీ మెడకేమైందిమా?" అన్నాడు మునిశేఖర్.

ఆమె కొంగు సర్దుకుని గొంతు తగ్గించింది.

"నువ్వు డ్యూటీకి పోయినాక, నా ఫోను ఆ డబ్బాకు తగిలించి ఆ రెండో పాట పెట్టుకుంటాండా."